మనిషి పనులూ భూమి మార్పులూ: ఏ ప్రశ్నకు ఏ కంప్యూటర్ మోడల్?

జనాభా, పరిశ్రమలు, సాగు, ఇంధన వాడకం ఒకవైపు. గాలి, నీరు, నేల, ఉష్ణోగ్రత ఇంకోవైపు. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో లెక్కకట్టే కంప్యూటర్ మోడళ్లు ఇప్పుడు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. పేరున్న మోడల్ కదా అని ఒకటి దించుకోవడం, దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికీ ఇన్‌పుట్ ఫైళ్లు అర్థం చేసుకోవడానికీ నెలలు పెట్టడం, తీరా చూస్తే మనం అడగాలనుకున్న ప్రశ్నకు అది జవాబే చెప్పదని తెలియడం. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు ఇది తరచూ జరిగేదే. ఈ టెన్షన్ కొంతైనా తగ్గించాలని ఈ పోలిక రాస్తున్నాను.

ఏది మంచి మోడల్ అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఇది: మీ ప్రశ్నలో మారాల్సిన సంఖ్య ఏది? ప్రతి మోడల్‌లోనూ రెండు రకాల సంఖ్యలుంటాయి. కొన్నిటిని మోడల్ తనంతట తాను లెక్కకడుతుంది. కొన్నిటిని బయటి నుంచి తెచ్చుకుని, మారని విషయాలుగా పెట్టుకుంటుంది. బయటి నుంచి తెచ్చుకున్న సంఖ్య గురించి ఆ మోడల్‌ని ప్రశ్న అడిగి లాభం లేదు. మనం లోపల పోసిందే మళ్లీ బయటికొస్తుంది. ఉదాహరణకు, జీక్యామ్ అనే పెద్ద మోడల్ జనాభాను ఇన్‌పుట్‌గా తీసుకుంటుంది. కాలుష్యం పెరిగితే జనాభా ఏమవుతుందని దాన్ని అడగలేం. వరల్డ్-3 అనే పాత మోడల్ జనాభాను తానే లెక్కకడుతుంది కానీ అందులో ధరలనేవే లేవు. కార్బన్ పన్ను వేస్తే ఏమవుతుందని దాన్ని అడగలేం. ఈ ఒక్క పరీక్ష పెడితే సగం మోడళ్లు మీ జాబితాలోంచి వాటంతటవే తప్పుకుంటాయి.

ముందు ఒక స్ప్రెడ్‌షీట్

ఏ మోడల్ జోలికీ వెళ్లకముందు అందరూ చేయాల్సిన లెక్క ఒకటుంది. జపాన్ శాస్త్రవేత్త యోయిచీ కాయ పేరుమీద దాన్ని కాయ సమీకరణం అంటారు. కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు నాలుగు సంఖ్యల లబ్ధం: జనాభా, తలసరి జీడీపీ, ఒక్కో డాలర్ జీడీపీకి పట్టే ఇంధనం, ఒక్కో యూనిట్ ఇంధనానికి వెలువడే కార్బన్ డయాక్సైడ్.

చేసి చూద్దాం. జనాభా ఏటా 0.9 శాతం, తలసరి జీడీపీ 2 శాతం పెరుగుతున్నాయనుకోండి. జీడీపీకి పట్టే ఇంధనం ఏటా 1.8 శాతం, ఇంధనంలోని కార్బన్ 0.3 శాతం తగ్గుతున్నాయనుకోండి. పెరిగేవి 2.9, తగ్గేవి 2.1. ఉద్గారాలు ఏటా సుమారు 0.8 శాతం పెరుగుతాయి, 25 ఏళ్లలో 22 శాతం ఎక్కువవుతాయి. ఇప్పుడు అదే 25 ఏళ్లలో ఉద్గారాలు సగానికి తగ్గాలనుకుందాం. దానికి ఏటా సుమారు 2.8 శాతం తగ్గుదల కావాలి. జనాభా, ఆదాయం పెరుగుదల అలాగే ఉంటే, మిగతా రెండూ కలిసి ఏటా 5.7 శాతం తగ్గాలి. అంటే 2.1 నుంచి 5.7కు, రెండున్నర రెట్లకు పైగా వేగం పెరగాలి. ఎంత పెద్ద పని ముందుందో ఈ నాలుగు గడుల లెక్కే చెప్పేస్తుంది.

దీనికి ఇంకో లెక్క జతచేయండి. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం ప్రతి 1,000 గిగాటన్నుల (ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) కార్బన్ డయాక్సైడ్‌కీ భూమి ఉష్ణోగ్రత సుమారు 0.45 డిగ్రీలు పెరుగుతుంది (0.27 నుంచి 0.63 వరకు ఉండొచ్చు). ప్రపంచం ఏటా వదిలేది సుమారు 40 గిగాటన్నులు. ఇదే స్థాయిలో 25 ఏళ్లు సాగితే 1,000 గిగాటన్నులు, అంటే ఇంకో 0.45 డిగ్రీలు. పెద్ద మోడల్ ఇచ్చే ఫలితం ఈ చేతిలెక్కకు చాలా దూరంగా ఉంటే, మోడల్ ఏదో కొత్త విషయం చెబుతోందని సంతోషించే ముందు ఇన్‌పుట్ ఫైలు ఒకసారి తెరిచి చూడండి.

కాయ లెక్కకు ఉన్న లోపం తెలిసిందే. నాలుగు సంఖ్యలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు నడుస్తాయి. ఇంధనం ఖరీదైతే జీడీపీ తగ్గొచ్చు, ఆదాయం పెరిగితే జనాభా పెరుగుదల మందగించొచ్చు. ఆ ముడులు ఇందులో లేవు. ఆ ముడులే మీ ప్రశ్న అయితే ముందుకు వెళ్లాలి.

వరల్డ్-3: ముడులే ముఖ్యమైతే

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జే ఫారెస్టర్ తయారుచేసిన మోడల్ ఆధారంగా డొనెల్లా మెడోస్, డెన్నిస్ మెడోస్, యోర్గన్ రాండర్స్, విలియం బెహ్రెన్స్ కట్టినది వరల్డ్-3. క్లబ్ ఆఫ్ రోమ్ అనే అంతర్జాతీయ మేధావుల బృందం కోసం 1972లో వెలువడిన నివేదికకు ఆధారం ఇదే. జనాభా, పారిశ్రామిక పెట్టుబడి, ఆహారం, తరిగిపోయే వనరులు, ఎంతకీ పోని కాలుష్యం అనే ఐదు భాగాలు 1900 నుంచి 2100 వరకు ఒకదాన్నొకటి తోసుకుంటూ నడుస్తాయి.

దీన్ని ఎవరైనా ఒక్కసారైనా స్వయంగా నడిపి చూడాలని నా గట్టి అభిప్రాయం. పైథాన్‌లో మళ్లీ రాసిన ఉచిత రూపాలు దొరుకుతాయి, మామూలు లాప్‌టాప్‌లో క్షణాల్లో నడుస్తుంది. ముందు ఏమీ మార్చకుండా నడపండి. ఈ శతాబ్దంలో వనరుల కొరతతో పరిశ్రమ కుంగడం, దాని వెనకే ఆహారం, జనాభా పడిపోవడం కనిపిస్తుంది. వెంటనే అందరికీ వచ్చే అనుమానం ఒకటే: వనరులను తక్కువగా అంచనా వేశారేమో. సరే, వనరులను రెట్టింపు చేసి మళ్లీ నడపండి. పరిశ్రమ ఇంకా పైకి వెళుతుంది, కానీ ఈసారి కాలుష్యం పేరుకుపోయి నేల సారాన్నీ ఆహారాన్నీ దెబ్బతీస్తుంది. జనాభా మళ్లీ పడిపోతుంది, కారణం మాత్రం మారింది. ఒక అడ్డు తీసేస్తే పెరుగుదల తర్వాతి అడ్డు దగ్గరికి చేరుతుంది. ఈ ప్రవర్తన విడివిడి సమీకరణాల్లో కనిపించదు, అన్నీ కలిసి నడిచినప్పుడే బయటపడుతుంది.

పరిమితులు పెద్దవే. ప్రపంచం మొత్తం ఒకే ముద్ద. ధనిక దేశం, పేద దేశం అనే తేడా లేదు. ధర పెరిగితే జనం ప్రత్యామ్నాయం వెతుక్కుంటారనేది లేదు. భూతాపం విడిగా లేదు, కాలుష్యం అనే ఒకే సంఖ్యలో అన్నీ కలిసిపోయి ఉంటాయి. దీనికి మూలమైన ఫారెస్టర్ మోడల్‌ని 1973లో ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ తీవ్రంగా విమర్శించారు. లెక్కలున్నాయి గానీ వాటికి ఆధారమైన డేటా ఎక్కడ అన్నది ఆయన ప్రధాన ప్రశ్న. మరోవైపు ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహం టర్నర్ 2008లో 30 ఏళ్ల వాస్తవ డేటాను మోడల్ ఫలితాలతో పోల్చి చూస్తే, 1972 నాటి ప్రామాణిక రన్‌కు (ఏమీ మార్చకుండా నడిపినదానికి) అది బాగా దగ్గరగా నడిచింది. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ 30 ఏళ్లలో మోడల్ గీతలు చాలావరకు పైకే వెళ్తాయి. పతనం గురించి మోడల్ చెప్పిన మాటకు అది ఇంకా రుజువు కాదు. వరల్డ్-3ని ఏ ఏడాదిలో ఏమవుతుందో తెలుసుకోవడానికి వాడకండి, ఏది దేన్ని లాగుతుందో తెలుసుకోవడానికి వాడండి. క్లాసులో చెప్పడానికి, ఫీడ్‌బ్యాక్ (ఒకదాని ఫలితం తిరిగి దాని మీదే పనిచేయడం) అంటే ఏమిటో ఒంటబట్టడానికి దీన్ని మించింది నాకు కనిపించలేదు.

ఈ వరుసలోనే ఇంకో మోడల్‌ని గుర్తుచేయాలి, ఎందుకంటే అది ఇప్పుడు చాలామందికి తెలియదు. అర్జెంటీనాలోని బరిలోచే ఫౌండేషన్ బృందం 1976లో తమ ప్రపంచ మోడల్‌ని వెలువరించింది. క్లబ్ ఆఫ్ రోమ్ అంచనాను వాళ్లు ఒప్పుకోలేదు. సమస్య భూమి హద్దుల్లో లేదు, పంపకంలో ఉంది అన్నది వాళ్ల వాదన. అందుకే వాళ్ల మోడల్ పుట్టినవాళ్లు సగటున ఎన్నేళ్లు బతుకుతారనే సంఖ్యను గరిష్ఠం చేయడానికి ప్రయత్నిస్తుంది. దేన్ని పెంచాలని మోడల్‌కు చెప్పామో అదే దాని విలువలు. కింద చెప్పబోయే డైస్ చదివేటప్పుడు ఇది మనసులో ఉంచుకోండి.

డైస్: ఖర్చు ఎంత, ఎప్పుడు అన్న ప్రశ్నకు

యేల్ విశ్వవిద్యాలయంలో నార్డ్‌హౌస్ 1990ల మొదట్లో రూపొందించిన మోడల్ డైస్. ఈ పనికే ఆయనకు 2018లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆర్థిక వ్యవస్థ ఉద్గారాలను పుట్టిస్తుంది, ఉద్గారాలు ఉష్ణోగ్రతను పెంచుతాయి, ఉష్ణోగ్రత ఆర్థిక వ్యవస్థకు నష్టం చేస్తుంది. ఈ వలయమంతా కొద్దిపాటి సమీకరణాల్లో ఇమిడిపోతుంది. ఎక్సెల్‌లో కూడా దొరుకుతుంది. ఒక్కొక్క గడి తెరిచి చూసుకోవచ్చు. దీని బలం అదే. దీని తప్పులు కూడా దాగవు.

ఇందులో రెండు చోట్ల చూపు నిలపాలి. మొదటిది డిస్కౌంట్ రేటు, అంటే భవిష్యత్తులో జరిగే నష్టాన్ని ఈరోజు ఎంతగా లెక్కగడతాం అన్నది. వందేళ్ల తర్వాత జరిగే 100 డాలర్ల నష్టాన్ని ఏటా 1.4 శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే ఈరోజు విలువ సుమారు 25 డాలర్లు. 5 శాతం చొప్పున తగ్గిస్తే 76 సెంట్లు. ఒకే నష్టానికి ముప్పై రెట్లకు పైగా తేడా. 2006లో బ్రిటన్ ఆర్థికవేత్త నికోలస్ స్టెర్న్ నివేదిక వెంటనే గట్టి చర్యలు కావాలని చెప్పడానికీ, అదే కాలంలో నార్డ్‌హౌస్ నెమ్మదిగా మొదలుపెట్టి తర్వాత పెంచుదామని చెప్పడానికీ మధ్య ఉన్న తేడాలో పెద్ద భాగం ఈ ఒక్క రేటుదే. వాతావరణ శాస్త్రం విషయంలో వాళ్లిద్దరూ అంత దూరంగా లేరు.

రెండోది నష్టాల సమీకరణం. డైస్ 2016 రూపంలో 3 డిగ్రీల పెరుగుదలకు ప్రపంచ ఆదాయంలో సుమారు 2.1 శాతం, 6 డిగ్రీలకు 8.5 శాతం పోతుంది. ఆ రెండో సంఖ్య దగ్గర ఆగండి. చివరి మంచుయుగం తారస్థాయిలో ఉన్నప్పుడు భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే 5 నుంచి 7 డిగ్రీలు మాత్రమే తక్కువ. ఆ తేడాకే ఖండాల మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. అంతే తేడా వేడి వైపు జరిగితే ఆదాయంలో సుమారు పన్నెండో వంతే పోతుందంటే నేను నమ్మలేను. ఆ రూపంలో మోడల్ చెప్పిన ‘ఉత్తమ’ దారి 2100 నాటికి భూమిని సుమారు 3.5 డిగ్రీల దాకా వేడెక్కనిస్తుంది. ఆ ఫలితాన్ని ఎవరైనా ఉటంకిస్తే, వెనక ఉన్న ఈ రెండు సంఖ్యలూ కూడా చెప్పమని అడగాలి. అదే మోడల్‌లో నష్టాలను, వాతావరణ భాగాన్ని, డిస్కౌంట్ రేటును కొత్త అంచనాలతో మార్చి నడిపిన ఇతర పరిశోధకులకు 2 డిగ్రీల లోపు లక్ష్యమే ఉత్తమంగా తేలింది.

అయినా డైస్‌ని పక్కన పెట్టమని చెప్పను. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల సమాజానికి ఎంత నష్టం అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ఈ తరహా మోడలే కావాలి. అమెరికా ప్రభుత్వం 2010 నుంచి ఆ లెక్కకు డైస్, ఫండ్, పేజ్ అనే మూడింటినీ కలిపి వాడింది. ప్రాంతాలవారీగా కావాలంటే డైస్‌కు చెల్లెలు లాంటి రైస్ ఉంది. ఏ బొగ్గు ప్లాంటు మూయాలి, ఏ పంట తగ్గుతుంది లాంటి ప్రశ్నలకు మాత్రం ఇవేవీ పనికిరావు. డైస్‌లో, రైస్‌లో బొగ్గూ విడిగా లేదు, పంటా విడిగా లేదు.

పెద్ద మోడళ్లు: జీక్యామ్, మెసేజ్, రిమైండ్, ఇమేజ్, ఎయిమ్

ఐపీసీసీ నివేదికల్లో కనిపించే ఉద్గారాల దారులు చాలావరకు ఈ కుటుంబం నుంచి వచ్చినవే. ఇంధనం, భూమి వాడకం, ఆర్థిక వ్యవస్థ, సరళమైన వాతావరణ మోడల్ అన్నీ ఇందులో కలిసి ఉంటాయి. పైకి అన్నీ ఒకేలా అనిపిస్తాయి కానీ లోపల ఆలోచించే తీరు వేరు.

జీక్యామ్ అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లేబొరేటరీ, మేరీలాండ్ విశ్వవిద్యాలయం కలిసి నడిపే సంస్థ నుంచి వచ్చింది. ప్రపంచాన్ని 32 ప్రాంతాలుగా, నీటిని 235 పరీవాహక ప్రాంతాలుగా విడదీస్తుంది. ఐదేళ్లకో అడుగు వేస్తుంది. ప్రతి అడుగులోనూ బొగ్గు, గ్యాస్, విద్యుత్, పంటలు, భూమి మార్కెట్లలో సరఫరా, గిరాకీ సమానమయ్యే దాకా ధరలు మారుస్తుంది. ఇందులోని మనుషులకు భవిష్యత్తు తెలియదు, ఆనాటి ధర చూసి నిర్ణయిస్తారు. ఆస్ట్రియాలోని ఐఐఏఎస్ఏ పరిశోధన సంస్థ కట్టిన మెసేజ్, జర్మనీలోని పాట్స్‌డాం వాతావరణ పరిశోధన సంస్థ కట్టిన రిమైండ్ దీనికి భిన్నం. ఇవి శతాబ్దం మొత్తాన్ని ఒకేసారి ముందు పెట్టుకుని, మొత్తం మీద ఏది చవకో లేదా ఏది ఎక్కువ సంక్షేమాన్నిస్తుందో వెతుకుతాయి. 2050లో కార్బన్ ధర ఎంతుంటుందో 2025లోనే వాటికి తెలుసు.

ఈ తేడా మాటవరసకు చెప్పేది కాదు, ఫలితాన్ని మారుస్తుంది. ముందంతా తెలిసిన మోడల్ కొత్త బొగ్గు ప్లాంటు కట్టదు, రేపు మూయాల్సొస్తుందని దానికి తెలుసు కాబట్టి. ముందు తెలియని మోడల్ కడుతుంది, తర్వాత నష్టానికి మూస్తుంది. ‘ఆదర్శంగా ఏం చేయాలి’ అన్నది మీ ప్రశ్న అయితే మెసేజ్, రిమైండ్ సరిపోతాయి. ‘ఈ విధానం పెడితే మార్కెట్ ఎలా స్పందిస్తుంది’ అయితే జీక్యామ్ వైపు మొగ్గండి.

భూమి, ఇంధనం ఒకేచోట ఉండటం వల్ల వచ్చే లాభానికి ఒక మంచి ఉదాహరణ 2009లో ఈ జీక్యామ్ బృందమే చేసిన అధ్యయనంలో ఉంది. కార్బన్‌కు ధర పెట్టినప్పుడు శిలాజ ఇంధనాలకే పెట్టి, అడవుల్లో, నేలలో ఉన్న కార్బన్‌ను వదిలేస్తే ఏమవుతుందని అడిగారు. బొగ్గు ఖరీదవుతుంది, జీవ ఇంధనాల పంటలకు గిరాకీ పెరుగుతుంది, ఆ పంటల కోసం అడవులు కొట్టేస్తారు. భూమి మీది కార్బన్‌కు కూడా అదే ధర పెడితే అడవులు నిలబడతాయి. ఇంధనాన్ని మాత్రమే చూసే మోడల్‌లో మొదటి విధానం చక్కగా పనిచేసినట్టే కనబడుతుంది. అడవులకు జరిగిన నష్టం దాని హద్దు బయట ఉండిపోతుంది.

నెదర్లాండ్స్‌లోని పీబీఎల్ సంస్థ నడిపే ఇమేజ్‌లో భూమి భాగం బలమైనది. ఇంధనం 26 ప్రాంతాలుగా ఉన్నా, భూమి వాడకం మాత్రం భూమధ్యరేఖ దగ్గర సుమారు 10 కిలోమీటర్ల గడులుగా ఉంటుంది. జీవవైవిధ్యం, నేల, పచ్చిక భూములు మీ ఆసక్తి అయితే దాని ఫలితాలు చూడండి. ఎయిమ్ జపాన్ బృందాలది.

ఎంపికలో డబ్బు, ఓపిక కూడా లెక్కలోకొస్తాయి. జీక్యామ్‌కు కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు, మంచి లాప్‌టాప్ చాలు. అయితే ఎక్స్ఎంఎల్ ఫైళ్ల గుట్టతో తలపడాలి, ఫలితాల డేటాబేస్ గిగాబైట్లలో పెరుగుతుంది. మెసేజ్, రిమైండ్ కోడ్ ఉచితమే గానీ పూర్తి ప్రపంచ రూపాన్ని నడపాలంటే గ్యామ్స్ అనే వ్యవస్థ కావాలి, దానికి లైసెన్సు ఉండాలి. డౌన్‌లోడ్ బటన్ నొక్కే ముందే ఈ విషయం మీ సంస్థలో మాట్లాడుకోండి. జీక్యామ్, మెసేజ్, రిమైండ్ మూడూ ఒంటరిగా నేర్చుకోదగ్గవి కావు. వాడుతున్నవాళ్లు ఒక్కరైనా అందుబాటులో ఉంటే నెలలు కలిసొస్తాయి.

ఇంకో మాట. సమాజం, ఆర్థిక వ్యవస్థ ముందుముందు ఎలా సాగొచ్చో చెప్పే, ఎస్ఎస్పీ పేరుతో వచ్చే ఐదు భవిష్యత్ కథనాలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ ఐదింటికీ ప్రతినిధి సినారియోలను (ఇలా జరిగితే ఏమవుతుందనే లెక్కలను) ఐదు వేర్వేరు మోడళ్లు నడిపాయి: మొదటిదానికి ఇమేజ్, రెండోదానికి మెసేజ్, మూడోదానికి ఎయిమ్, నాలుగోదానికి జీక్యామ్, ఐదోదానికి రిమైండ్. అంటే మీరు కథనాలను పోలుస్తున్నామనుకుంటూ మోడళ్లను కూడా పోలుస్తున్నారు. తేడా కథ వల్ల వచ్చిందా మోడల్ వల్ల వచ్చిందా తేల్చాలంటే, అన్ని కథలనూ నడిపిన ఒకే మోడల్ ఫలితాలు తీసుకోండి. అవి కూడా ప్రచురించే ఉన్నాయి.

ఈ కుటుంబం మొత్తం మీద ఉన్న విమర్శలు కూడా తెలిసి ఉండాలి. సౌర విద్యుత్ ఎంత వేగంగా చవకవుతుందో ఇవి చాలాకాలం తక్కువగా అంచనా వేశాయి. నిజానికి 2010 నుంచి 2019 మధ్య దాని ఖర్చు 85 శాతం పడిపోయింది. ఇంకోటి, పంటలను కాల్చి విద్యుత్ తీసి, వచ్చిన కార్బన్‌ను భూమిలో పాతిపెట్టే పద్ధతి మీద ఇవి భారీగా ఆధారపడ్డాయి. ఎప్పుడో 2070లో చేసే పని డిస్కౌంట్ రేటు వల్ల ఈరోజు చవగ్గా కనబడుతుంది, మోడల్ దాన్నే ఎంచుకుంటుంది. దానికి కావాల్సిన భూమి ఎవరిదో, అక్కడ ఇప్పుడు ఎవరు ఏం పండించుకుంటున్నారో మోడల్ అడగదు. మనం అడగాలి.

ఇంధనం ఒక్కటే కావాలంటే

ఒక దేశం విద్యుత్ ప్రణాళికో, రవాణా ఇంధనమో మీ ప్రశ్న అయితే ప్రపంచాన్నంతా మోయాల్సిన పని లేదు. ఓసిమోసిస్ అనే ఇంధన మోడల్ చిన్న కోడ్, పూర్తిగా ఉచితం, ఉచిత సాల్వర్‌తోనే (సమీకరణాలు సాధించే ప్రోగ్రామ్‌తోనే) నడుస్తుంది. గణితం చూసి భయపడనివాళ్లకు ఇదే నా సిఫారసు. స్టాక్‌హోం ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల లీప్ అనే మోడల్‌లో మౌస్‌తో పని జరిగిపోతుంది, విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఇస్తారు.

వాతావరణ భాగం: చిన్నదా, పెద్దదా?

ఉద్గారాల నుంచి ఉష్ణోగ్రతకు వెళ్లే దారిలో రెండు కొసలున్నాయి. ఒక కొసన భూమి వ్యవస్థ మోడళ్లు. గాలిని, సముద్రాన్ని, మంచును, అడవులను సుమారు 100 కిలోమీటర్ల గడులుగా కోసి, సూపర్ కంప్యూటర్ల మీద నడుపుతారు. రెండో కొసన ఫెయిర్, మ్యాజిక్, హెక్టర్ లాంటి సరళ మోడళ్లు. ఇవి భూమి మొత్తానికి ఒకే సగటు ఉష్ణోగ్రత ఇస్తాయి, లాప్‌టాప్‌లో నిమిషాల్లో వేలసార్లు నడుస్తాయి.

మనిషి పనుల ప్రభావం మీద పని చేసేవాళ్లకు చాలాసార్లు చిన్నవే మేలు. కారణం అనిశ్చితి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి చివరికి ఎంత వేడెక్కుతుందన్న సంఖ్యకు ఐపీసీసీ ఆరో నివేదిక ఇచ్చే అంచనా 3 డిగ్రీలు, బహుశా 2.5 నుంచి 4 మధ్య. ఆ పరిధినంతా మీ ఫలితంలో చూపించాలంటే మోడల్‌ని వందలసార్లు నడపాలి. పెద్ద మోడల్‌తో అది కుదరని పని. ఐపీసీసీ కూడా వందల సినారియోల ఉష్ణోగ్రతలు లెక్కకట్టడానికి సరళ మోడళ్లనే వాడింది. పైథాన్ వచ్చినవాళ్లు ఫెయిర్‌తో మొదలుపెట్టండి. జీక్యామ్ వాడేవాళ్లకు హెక్టర్ అందులోనే ఉంటుంది. ఒక ప్రాంతంలో వర్షం, వడగాలులు, పంట దిగుబడి కావాలంటే మాత్రం సగటు ఉష్ణోగ్రత చాలదు. అప్పుడు కూడా భూమి వ్యవస్థ మోడల్‌ని మీరు నడపక్కర్లేదు, అంతర్జాతీయ పోలిక ప్రాజెక్టుల్లో ఇప్పటికే నడిపిన ఫలితాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

క్లాసులో, సమావేశంలో, నిర్ణయం చేసేవాళ్ల ముందు

క్లైమేట్ ఇంటరాక్టివ్ అనే సంస్థ, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ (ఎంఐటీ) వాళ్ల స్లోన్ మేనేజ్‌మెంట్ స్కూల్ కలిసి తయారుచేసిన ఎన్-రోడ్స్ అనే మోడల్ బ్రౌజర్‌లో నడుస్తుంది, ఉచితం. కార్బన్ ధర, పునరుత్పాదక ఇంధనం, అడవులు, మీథేన్ లాంటి మీటలు జరిపితే 2100 నాటి ఉష్ణోగ్రత క్షణంలో మారుతుంది. మొక్కలు నాటితే చాలని గట్టిగా నమ్మేవాళ్లతో ఆ మీటను పూర్తిగా జరిపించండి. ఉష్ణోగ్రత ఎంత కొద్దిగా కదిలిందో వాళ్ల కళ్లతోనే చూస్తారు, మీరు వాదించాల్సిన అవసరం రాదు. సమీకరణాల పత్రాలు కూడా బయట పెట్టారు కాబట్టి అది బొమ్మ కాదు. పరిశోధన పత్రానికి మాత్రం ఇది చాలదు. ప్రాంతాల వివరం ఇందులో తక్కువ.

ఒక్కొక్క రైతు, ఒక్కొక్క కుటుంబం ఎలా నిర్ణయిస్తారన్నది మీ ప్రశ్న అయితే ఏజెంట్ ఆధారిత మోడళ్లున్నాయి. వాటిని కట్టే సాధనాల్లో నెట్‌లోగో 1999 నుంచి ఉంది, నేర్చుకోవడం తేలిక. పైథాన్‌లో మేసా ఉంది. ప్రపంచ స్థాయిలో ఈ తరహా మోడళ్లు ఇంకా అరుదు, ఒక నదీ పరీవాహక ప్రాంతం దాకా బాగుంటాయి.

మరి ఏం ఎంచుకోవాలి?

ముందుగా, అసలు మోడల్ నడపకపోవడం కూడా ఒక ఎంపికే. ఐపీసీసీ ఆరో నివేదిక కోసం 2,000కు పైగా సినారియోలు సమర్పించారు, వాటిలో 1,202కు ఉష్ణోగ్రత అంచనా వేయడానికి సరిపడా సమాచారం ఉంది. ఆ డేటాబేస్ ఐఐఏఎస్ఏ దగ్గర అందరికీ తెరిచి ఉంది. జర్నలిస్టుకు, విధాన పత్రం రాసేవాళ్లకు చాలావరకు అది సరిపోతుంది. అయితే అందులోని సగటును ‘శాస్త్రం చెప్పిన మధ్యస్థ అంచనా’గా రాయకండి. కొన్ని మోడళ్లు వందల సినారియోలు ఇచ్చాయి, కొన్ని నాలుగైదే ఇచ్చాయి. అక్కడి సగటు, ఎవరు ఎక్కువ పంపారో వాళ్లవైపే మొగ్గుతుంది.

మూడు నెలల గడువున్న మాస్టర్స్ ప్రాజెక్టుకు కాయ లెక్క, ఫెయిర్ కలిపితే చాలు. వ్యవస్థలు ఎలా ప్రవర్తిస్తాయన్నది అంశమైతే వరల్డ్-3. ఆర్థికశాస్త్రం వాళ్లు డైస్ తీసుకుని, నష్టాల సమీకరణం ఒక్కటే మార్చి నడిపినా మంచి పత్రం అవుతుంది. రెండు, మూడేళ్ల పీహెచ్‌డీ, పక్కన తెలిసిన బృందం ఉంటే జీక్యామ్ లేదా మెసేజ్. భూమి, నీరు, ఇంధనం మూడూ ప్రశ్నలో ఉంటే జీక్యామ్, ఇంధన సాంకేతికతల వివరం ముఖ్యమైతే మెసేజ్.

ప్రశ్నకు సరిగ్గా అమరిన మోడల్ ఏం చేయగలదో యూరప్ ఆమ్ల వర్షాల విషయంలో చూశాం. 1979 నాటి సరిహద్దులు దాటే వాయు కాలుష్య ఒప్పందం కింద దేశాలు చర్చిస్తుండగా, ఐఐఏఎస్ఏ రెయిన్స్ అనే మోడల్ కట్టింది. అది ప్రపంచ భవిష్యత్తు చెప్పే ప్రయత్నం చేయలేదు. ఏ దేశపు గంధకం గాలిలో కొట్టుకెళ్లి ఎక్కడ పడుతుంది, అక్కడి నేల, చెరువులు ఎంతవరకు తట్టుకోగలవు, ఆ హద్దు దాటకుండా ఉండాలంటే ఎవరు ఎంత తగ్గిస్తే మొత్తం ఖర్చు తక్కువవుతుంది, ఇంతే. 1994లో ఓస్లోలో కుదిరిన గంధక ఒప్పందం అందరికీ ఒకే శాతం కోత పెట్టకుండా ఒక్కో దేశానికి ఒక్కో లక్ష్యం పెట్టగలిగింది, చర్చల్లో రెయిన్స్ లెక్కలు ఆధారంగా ఉన్నాయి. ఆ చర్చల్లో కూర్చున్న దేశాలన్నీ ఒకే ఇన్‌పుట్ పట్టిక చూసి, తమ తమ సంఖ్యలను సరిదిద్దుకునే వీలుండటం అక్కడ చాలా పెద్ద విషయం.

మోడల్ ఎంచుకున్నాక మొదటి వారంలో చేయాల్సిన పని ఒకటుంది. ఏ ఒక్క ఇన్‌పుట్‌నూ మార్చకుండా, దాన్ని కట్టినవాళ్లు ప్రచురించిన ఫలితం మీ కంప్యూటర్‌లో యథాతథంగా వస్తుందా చూడండి. వచ్చాక, బయటి నుంచి తెచ్చుకునే సంఖ్యల జాబితా రాసుకుని, ఒక్కొక్కటీ పది శాతం అటూ ఇటూ జరిపి నడపండి. మీ జవాబును ఎక్కువగా కదిలించిన రెండు, మూడు సంఖ్యలేవో తెలుస్తాయి. మీ పత్రంలో మొదటి పట్టికగా వాటినే పెట్టండి, వాటి విలువలు ఎక్కడివో, ఎందుకు అవే తీసుకున్నారో పక్కన రాయండి.